చిన్న వ్యాపారం అమ్మేటప్పుడు విలువ ఎవరితో కట్టించాలి, లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

పదమూడేళ్లు నడిపిన వ్యాపారాన్ని అమ్మినప్పుడు నేను పొరపాటు చేసింది ధర దగ్గర కాదు, పనుల వరస దగ్గర. ముందు విలువ కట్టించడానికి బాగానే ఖర్చు పెట్టాను. మందపాటి రిపోర్టు వచ్చింది. అందులోని అంకెకు దగ్గరగానే ఒకరు ధర చెప్పారు. రెండు పేజీల కాగితం పంపి, "ఇది మా ఉద్దేశం తెలిపే లేఖ మాత్రమే, అసలు అగ్రిమెంట్ తర్వాత రాసుకుందాం" అన్నారు. సంతకం పెట్టేశాను. లాయర్‌ను కలిసింది ఆ తర్వాత. ఆయన రెండు పేజీలూ చదివి, "ఇది నిన్న తెచ్చి ఉంటే ఏదైనా చేయగలిగేవాణ్ని" అన్నారు.

90 రోజులపాటు ఇంకెవరితోనూ బేరం మాట్లాడనని ఆ కాగితంలో ఒప్పుకున్నాను. ధరలో నాలుగో వంతు, వ్యాపారం తర్వాతి రెండేళ్లు ఎలా నడుస్తుందో చూసి ఇస్తామన్న షరతుకూ ఒప్పుకున్నాను. మామూలు స్థాయిలో వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజువారీగా నడవడానికి కావాల్సిన డబ్బు, వదిలి వెళ్లాలని ఉంది, ఆ మామూలు స్థాయి ఎంతో ఎక్కడా రాయలేదు. లెక్కలన్నీ చూశాక 70వ రోజున ధర తగ్గించమన్నారు. అప్పటికి ముందు ఆసక్తి చూపిన మరో ఇద్దరు వేరే వ్యాపారాలు కొనేసుకున్నారు. తగ్గించక తప్పలేదు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఖర్చు పెట్టగలిగింది కొంచెమే అయితే విలువ కట్టించడానికి తక్కువ, లాయర్‌కు ఎక్కువ కేటాయించండి. లాయర్‌ను మొదటి సంతకానికి ముందే పెట్టుకోండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా చెప్తాను.

ఆ అంకె మీకు ఎందుకు కావాలి

విలువ కట్టేవాళ్లను ఎంచుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోండి. అమ్మాలా వద్దా అని ఆలోచించుకోవడానికా? అడగాల్సిన ధర తేల్చుకోవడానికా? భాగస్వాముల మధ్య పంపకానికా, విడాకుల కేసుకా, వారసత్వానికా, పన్ను అధికారులకు చూపించడానికా? మొదటి రెండింటికీ ఒక మాదిరి అంచనా చాలు. మిగతావాటికి రేపు ఎవరైనా ప్రశ్నిస్తే నిలబడే రిపోర్టు కావాలి. రెండింటి ఖర్చులోనూ చాలా తేడా ఉంటుంది.

అంతర్జాతీయ మదింపు ప్రమాణాలు విలువ కట్టే పద్ధతులను మూడు దారులుగా చూస్తాయి. ఇలాంటి వ్యాపారాలు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి చెప్పేది మార్కెట్ దారి. ఈ వ్యాపారం ముందుముందు ఎంత సంపాదిస్తుందో లెక్కగట్టి ఈ రోజు విలువకు తెచ్చేది ఆదాయం దారి. ఇలాంటిదాన్ని మొదటి నుంచి కట్టాలంటే ఎంతవుతుందో చూసేది ఖర్చు దారి. చిన్న వ్యాపారాల అమ్మకంలో ఎక్కువగా వాడేది మొదటిదే. లాభం సరిగా లేకుండా యంత్రాలు, సరుకు మాత్రమే ఉన్న చోట ఆస్తుల లెక్కే చివరికి నిలుస్తుంది.

రిపోర్టులో సాధారణంగా కనిపించే "సముచిత మార్కెట్ విలువ" వెనక ఒక ఊహ ఉంది. అమ్మేవాళ్లకు గానీ కొనేవాళ్లకు గానీ ఏ బలవంతమూ లేదు, ఇద్దరికీ విషయాలన్నీ తెలుసు అని. నిజంగా బేరానికి కూర్చున్నప్పుడు అలా ఉండదు. మీకు ఆరోగ్యం బాగా లేకపోవచ్చు. ఎదుటివాళ్లకు మీ కస్టమర్ల జాబితా బంగారం కావచ్చు. అందుకని రిపోర్టులోని అంకె ధర కాదు, ధర గురించి మాట్లాడటానికి ఒక ఆధారం మాత్రమే. నేను దాన్ని ధర అనుకున్నాను.

విలువ ఎవరు కట్టొచ్చు

అన్నిటికన్నా చౌకైనది ఆన్‌లైన్ కాలిక్యులేటర్. అమ్మకాలు, లాభం, ఏ రంగమో చెప్తే నిమిషంలో అంకె ఇస్తుంది. అమ్మాలన్న ఆలోచన ఇంకా మొలకెత్తుతున్న దశలో ఒకసారి వాడి చూడొచ్చు. కానీ మీ అమ్మకాల్లో సగం ఒకే కస్టమర్ నుంచి వస్తున్నాయని, లీజు ఇంకో ఏడాదిలో ముగుస్తుందని దానికి తెలియదు. విలువను పైకీ కిందికీ లాగేవి ఇలాంటివే. ఆ అంకెను కొనేవాళ్ల ముందు పెట్టకండి.

రెండో దారి, ఏళ్లుగా మీ లెక్కలు చూస్తున్న అకౌంటెంట్. వ్యాపారం లోపలి సంగతులు ఆయనకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియవు. ఏ ఖర్చు వ్యాపారానిది, ఏది ఇంటిది అని విడదీయగలిగేదీ ఆయనే. ఫీజు కూడా అందుబాటులో ఉంటుంది. లోటు ఏమిటంటే, పన్ను లెక్కలు బాగా చేసే అందరికీ వ్యాపారాలు ఎంతకు అమ్ముడవుతున్నాయో తెలియదు. గత మూడేళ్లలో ఎన్ని వ్యాపారాలకు అమ్మకం కోసం విలువ కట్టారో మొహమాటపడకుండా అడగండి. ఒక్కటీ లేకపోతే లెక్కలు సిద్ధం చేసే పని ఆయనకిచ్చి, అంకె చెప్పే పని ఇంకొకరికి ఇవ్వడం మంచిది.

మూడో దారి బ్రోకర్. చాలామంది బ్రోకర్లు విలువ ఉచితంగానే చెప్తారు. మార్కెట్‌లో ఏం నడుస్తోందో వాళ్లకు రోజూ తెలుస్తుంటుంది, కాబట్టి ఆ అభిప్రాయానికి నిజంగానే విలువ ఉంది. అయితే వాళ్లకు డబ్బు వచ్చేది మీరు అమ్మకం పని అప్పగించినప్పుడు, ఆ అమ్మకం జరిగినప్పుడు. పని దక్కించుకోవడానికి పెద్ద అంకె చెప్పి, మూడు నెలలయ్యాక "మార్కెట్ బాలేదు, కొంచెం తగ్గిద్దాం" అనేవాళ్లు ఉన్నారు. త్వరగా ముగించడానికి మొదటి నుంచీ చిన్న అంకె చెప్పేవాళ్లూ ఉన్నారు. అందరూ ఇలాంటివాళ్లే అనను. నాకు తెలిసిన ఒక బ్రోకర్, "ఇప్పుడు అమ్మొద్దు, ఏడాది ఆగి ఆ ఒక్క కస్టమర్ మీద ఆధారపడటం తగ్గించుకోండి" అని చెప్పి పని వదులుకున్నారు. కానీ ఫీజు ఎప్పుడు, దేనికి వస్తుందో తెలుసుకోకుండా ఆ అంకెను నమ్మకూడదు. ఇద్దరు ముగ్గురు బ్రోకర్లను అడిగి, ఎవరి అంకె పెద్దదని కాకుండా, ఎవరు ఇటీవలి అమ్మకాలను చూపించి మాట్లాడుతున్నారో గమనించండి.

నాలుగోది, అమ్మకంతో సంబంధం లేని స్వతంత్ర వాల్యుయర్. ఫీజు ముందే తేల్చుకుంటారు. అంకె పెద్దదైనా చిన్నదైనా వాళ్లకు వచ్చేది అంతే. అంకెలో శాతం అడిగే వాల్యుయర్ ఎదురైతే అక్కడే లేచి వచ్చేయండి. వీళ్ల పనిలోనూ రెండు స్థాయిలు ఉంటాయి. ఒకటి, మీరిచ్చిన లెక్కల మీద ఎంచుకున్న ఒకటి రెండు పద్ధతులు వాడి అంచనా ఇవ్వడం. రెండోది, లెక్కలను లోతుగా పరిశీలించి, అన్ని పద్ధతులనూ ఆలోచించి, తమ పేరు పెట్టి అభిప్రాయం చెప్పడం. కోర్టుకో పన్ను అధికారులకో అయితే రెండోది. మామూలు అమ్మకానికి మొదటిది చాలు. నేను రెండోది చేయించాను. ఆ మందపాటి రిపోర్టులో కొనేవాళ్లు చదివింది రెండు పేజీలే.

రిపోర్టు ఏ స్థాయిదైనా అందులో నాలుగు విషయాలు ఉన్నాయో లేదో చూడండి: ఏ తేదీ నాటి విలువ, ఏ పని కోసం, ఏ నిర్వచనం ప్రకారం, ఏమేం ఊహించుకుని. వీటిలో ఏది లేకపోయినా ఆ అంకెను సమర్థించుకోవడం కష్టం.

తేడా వచ్చేది లెక్క దగ్గరే

ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవమని అడుగుతున్నాను. ఎవరిని పెట్టుకున్నా మీకు స్వయంగా తెలిసి ఉండాల్సింది ఇదే.

ఒక వ్యాపారం పుస్తకాల్లో, పన్ను కట్టకముందు ఏడాది నికర లాభం 12 లక్షలు ఉందనుకుందాం. యజమాని జీతంగా తీసుకున్నది 8 లక్షలు. ఇంటివాళ్లు వాడే వాహనం ఖర్చు 1 లక్ష వ్యాపారంలోనే రాశారు. ఆ ఏడాది పైకప్పు మరమ్మతుకు ఒకేసారి 2 లక్షలయ్యింది, అది మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చు కాదు. వడ్డీ 2 లక్షలు, తరుగుదల 3 లక్షలు. ఇవన్నీ లాభానికి కలిపితే 28 లక్షలు. దీన్ని అమ్మేవారి విచక్షణ ఆదాయం అంటారు, కాగితాల మీద ఎస్‌డీఈ అని కనిపిస్తుంది. ఒకే యజమాని తానే కూర్చుని నడుపుకుంటే ఆ వ్యాపారం నుంచి అతనికి మొత్తం ఎంత మిగులుతుందో ఇది చెప్తుంది.

అదే వ్యాపారాన్ని తాను కూర్చోకుండా మేనేజర్‌ను పెట్టి నడపాలనుకునేవాళ్లు కొంటున్నారనుకోండి. మేనేజర్‌కు ఏడాదికి 10 లక్షలు ఇవ్వాలి. అప్పుడు మిగిలేది 18 లక్షలు. దీన్ని సర్దుబాటు చేసిన ఎబిటా అంటారు, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు మిగిలే లాభం.

యజమాని మీదే నడిచే చిన్న వ్యాపారాలు చాలావరకు ఎస్‌డీఈకి రెండు మూడు రెట్ల దగ్గర చేతులు మారతాయి. రంగాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి అంతకన్నా తక్కువా ఉంటుంది, ఎక్కువా ఉంటుంది. ఎబిటా మీద లెక్కేసేటప్పుడు రెట్లు సాధారణంగా ఇంకొంచెం పెద్దవిగా ఉంటాయి, ఎందుకంటే గుణించే అంకె చిన్నది. పైన చెప్పిన వ్యాపారానికి ఎస్‌డీఈ మీద రెండున్నర రెట్లు వేస్తే 70 లక్షలు. ఎబిటా మీద నాలుగు రెట్లు వేస్తే 72 లక్షలు. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. అలా కాకుండా ఎదుటివాళ్లు "ఇలాంటివాటికి రెండున్నర రెట్లే నడుస్తోంది" అంటూ ఆ రెండున్నరను ఎబిటా మీద వేస్తే 45 లక్షలే వస్తుంది. వాళ్లు చెప్పిన రెట్లలో అబద్ధం లేదు, వేసిన అంకె మారింది. ఒక్క మాటలో 25 లక్షలు ఎగిరిపోతాయి.

అందువల్ల ఎవరు రెట్ల గురించి మాట్లాడినా "దేనికి రెట్లు?" అని అడగాలి. ఆ తర్వాత, "ఇందులో సరుకు కలిసి ఉందా? అప్పులు ఎవరివి? రావాల్సిన బాకీలు ఎవరివి?" అని అడగాలి.

లాభానికి కలిపే ఖర్చుల విషయంలో నిజాయితీగా ఉండండి. కాగితం లేని ఖర్చును కలపకండి. ప్రతి ఏడాదీ ఏదో ఒక "ఒకేసారి వచ్చే" ఖర్చు కనిపిస్తుంటే కొనేవాళ్ల అకౌంటెంట్ దాన్ని ఒప్పుకోరు. ఒక్కటి తప్పని తేలితే మిగతావాటి మీదా నమ్మకం పోతుంది. లెక్కల్లో చూపని అమ్మకాలు ఉన్నాయని చెప్పి వాటికీ ధర అడిగేవాళ్లను చూశాను. రుజువు చూపలేని ఆదాయానికి ఎవరూ డబ్బివ్వరు. పైగా, పన్ను ఎగ్గొట్టామని మీ నోటితో మీరే చెప్పినట్టు అవుతుంది.

గుడ్‌విల్ గురించి ఒక మాట. 1810లో ఇంగ్లండ్‌లో ఒక కేసులో లార్డ్ ఎల్డన్ అనే న్యాయమూర్తి, గుడ్‌విల్ అంటే పాత కస్టమర్లు పాత చోటికే మళ్లీ వచ్చే అవకాశమని తేల్చారు. రెండు వందల ఏళ్లు దాటినా కొనేవాళ్లు చూసేది అదే. మీరు వెళ్లిపోయాక కస్టమర్లు వస్తారా రారా? మీ ఫోన్ నంబరుకే ఆర్డర్లు వస్తుంటే, బేరాలన్నీ మీ నోటి మాట మీదే నడుస్తుంటే, ఆ గుడ్‌విల్ వ్యాపారానిది కాదు, మీది. మీరు దాన్ని అమ్మలేరు. అమ్మాలనుకున్న రోజుకు రెండేళ్ల ముందే ఆ సంబంధాలను సిబ్బంది చేతికి మార్చడం మొదలుపెడితే విలువ నిజంగా పెరుగుతుంది. ఏ వాల్యుయర్ రిపోర్టూ చేయలేని పని అది.

లాయర్ల మధ్య ఎంపిక

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా అగ్రిమెంట్‌తో పని కానిచ్చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. యంత్రాలు, కొంచెం సరుకు తప్ప ఇంకేమీ లేని అమ్మకానికి, డబ్బు మొత్తం ఒకేసారి చేతికి వచ్చేటప్పుడు, నమూనాను ఆధారంగా తీసుకుని ఒక లాయర్‌తో చదివించుకుంటే సరిపోవచ్చు. ఉద్యోగులు, లీజు, అప్పు, వాయిదాలు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నమూనా చాలదు.

ఇద్దరికీ ఒకే లాయర్ అన్న సలహా కూడా వస్తుంది. "అనవసరంగా రెండు ఫీజులెందుకు, మా లాయరే రాసేస్తారు" అని కొనేవాళ్లు మంచిగానే అంటారు. ఒప్పుకోవద్దు. అగ్రిమెంట్‌లో ప్రతి గట్టి వాక్యమూ రిస్కును ఒకరి నెత్తి నుంచి ఇంకొకరి నెత్తికి మారుస్తుంది. ఇద్దరి తరఫునా ఒకే మనిషి నిలబడలేరు.

మీ కుటుంబానికి ఏళ్లుగా తెలిసిన లాయర్ ఉంటారు. ఆస్తుల కాగితాలు, వీలునామాలు చూసినవారు. నమ్మకం ఉంటుంది, ఫీజు కూడా తక్కువే. కానీ వ్యాపార అమ్మకాలు తరచూ చేయని లాయర్ దగ్గర రెండు రకాల ఇబ్బంది రావచ్చు. ఏది ముఖ్యమో తెలియక ప్రతి వాక్యానికీ అడ్డుపడి బేరం చెడగొట్టవచ్చు, లేదా ముఖ్యమైనదాన్నే వదిలేయవచ్చు. పెద్ద కంపెనీల కొనుగోళ్లు చేసే సంస్థకు వెళ్తే అనుభవం ఉంటుంది. అయితే మీ పని అక్కడ చిన్నది కాబట్టి జూనియర్ల చేతిలో పడొచ్చు, ఫీజు ధరను మింగేయవచ్చు. మీ వ్యాపారం సైజులోని అమ్మకాలను ఏడాదికి కొన్నైనా చేసే లాయర్ దొరికితే అదే సరైన ఎంపిక. గంటకు ఆయన ఫీజు ఎక్కువున్నా పని తక్కువ గంటల్లో అయిపోతుంది.

ఫీజు విషయంలో అడగాల్సింది ఇది. ఏయే దశలకు స్థిరమైన ఫీజు, ఎక్కడి నుంచి గంటల లెక్క? ఉద్దేశ లేఖ పరిశీలన, మొదటి ముసాయిదా లాంటివాటికి స్థిరమైన ఫీజు అడగడం న్యాయమే. ఎదుటివాళ్లతో ఎన్నిసార్లు బేరాలాడాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ గంటల లెక్కను తప్పుపట్టలేం. అమ్మకం జరిగితేనే ఫీజు అనే లాయర్ ఏర్పాటు నాకు నచ్చదు. "ఈ షరతుతో అమ్మొద్దు" అని చెప్పాల్సిన రోజున ఆ మాట చెప్పగలిగే మనిషి మీ పక్కన ఉండాలి.

బ్రోకర్ ఫీజు మాత్రం అమ్మకం మీదే ఉంటుంది, అది సహజం. పెద్ద అమ్మకాల్లో లేమన్ ఫార్ములా అనే పాత లెక్క ఉంది: మొదటి మిలియన్ డాలర్లకు 5 శాతం, రెండోదానికి 4, తర్వాత 3, 2, ఆ పైన 1. చిన్న వ్యాపారాలకు ఈ శాతాలు సరిపోవు కాబట్టి 10 శాతం దాకా, దాంతోపాటు కనీస ఫీజు ఇంతని అడగడం మామూలే. శాతం కన్నా జాగ్రత్తగా చూడాల్సింది బ్రోకర్ ఒప్పందంలోని తోక షరతును. ఒప్పందం ముగిశాక కూడా ఏడాదో రెండేళ్లో, ఆయన చూపించిన మనిషి కొంటే కమీషన్ ఇవ్వాలని ఉంటుంది. ఎవరెవరిని చూపించారో పేర్ల జాబితా రాయించుకోండి. వాయిదాల్లో వచ్చే డబ్బుకు కమీషన్ కూడా వాయిదాల్లోనే ఇచ్చేలా మాట్లాడుకోండి. ఈ ఒప్పందం కూడా లాయర్ చదివాకే సంతకం.

లాయర్ కాపాడేది ఏమిటి

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ధర కుదరడం అలకడం లాంటిదే. ఆ తర్వాత మీ చేతికి ఎంత వస్తుంది, వచ్చినదాంట్లో ఎంత నిలుస్తుంది అనేది అగ్రిమెంట్‌లో ఉంటుంది.

మొదటిది, ఏం అమ్ముతున్నారు. వ్యాపారం కంపెనీ రూపంలో ఉంటే షేర్లు అమ్మొచ్చు, లేదా కంపెనీని మీ దగ్గరే ఉంచుకుని ఆస్తులు మాత్రం అమ్మొచ్చు. షేర్లయితే పాత అప్పులు, పాత కేసులతో సహా కంపెనీ మొత్తం అటు వెళ్లిపోతుంది. అందుకే కొనేవాళ్లు సాధారణంగా ఆస్తులే కొంటామంటారు. అప్పుడు పాత బాధ్యతలు మీ దగ్గరే మిగులుతాయి. లీజు, కస్టమర్ ఒప్పందాలు, లైసెన్సులు ఒక్కొక్కటిగా మార్చాలి, చాలావాటికి అవతలివారి ఒప్పుకోలు కావాలి. పన్ను కూడా రెండింటికీ ఒకేలా పడదు. ఈ లెక్క ఉద్దేశ లేఖ మీద సంతకానికి ముందే అకౌంటెంట్, లాయర్ ఒకే చోట కూర్చుని చూడాలి. సంతకమయ్యాక మార్చమంటే ఎదుటివాళ్లు దానికి ధర అడుగుతారు.

రెండోది, మీరిచ్చే హామీలు. లెక్కలు నిజమని, దాచిన అప్పులు లేవని, కేసులు లేవని మీరు రాసిస్తారు. ఏదైనా తప్పని తేలితే నష్టపరిహారం మీరు కట్టాలి. ఇక్కడ మంచి లాయర్ మూడు హద్దులు పెట్టిస్తారు: ఎంత కాలం వరకు అడగొచ్చు, మొత్తం మీద ఎంత మించకూడదు, ఎంత చిన్న మొత్తాలకు అసలు అడగకూడదు. చాలా అమ్మకాల్లో మామూలు హామీలకు ఏడాది నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ఈ హద్దులు లేని కాగితం మీద సంతకం పెడితే వచ్చిన డబ్బంతా తిరిగి ఇవ్వాల్సిన రోజు కూడా రావచ్చు. దీనికి తోడు, మీకు తెలిసిన లోపాలన్నీ ముందే ఒక జాబితాగా రాసి అగ్రిమెంట్‌కు జత చేస్తారు. ఇబ్బందిగా అనిపించినా ఏదీ దాచకండి. అక్కడ రాసి చెప్పిన విషయానికి తర్వాత మిమ్మల్ని పట్టుకోవడం కష్టం.

మూడోది, మీ వ్యక్తిగత పూచీకత్తులు. బ్యాంకు అప్పుకో, లీజుకో మీరు స్వయంగా సంతకం పెట్టి ఉంటారు. వ్యాపారం చేతులు మారినంత మాత్రాన ఆ పూచీ దానంతట అదే పోదు. కొత్త యజమాని అద్దె ఎగ్గొడితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. పూచీ నుంచి విడుదల చేస్తూ బ్యాంకు, స్థలం యజమాని కాగితం ఇస్తేనే అమ్మకం పూర్తయినట్టు రాయించుకోండి.

నాలుగోది, మళ్లీ అదే వ్యాపారం పెట్టనన్న షరతు. ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి 1894లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఒకటి ఉంది. తుపాకులు, మందుగుండు వ్యాపారం అమ్మిన థోర్‌స్టెన్ నార్డెన్‌ఫెల్ట్, 25 ఏళ్లపాటు ప్రపంచంలో ఎక్కడా ఆ వ్యాపారం చేయనని ఒప్పుకున్నారు. ఆ షరతు చెల్లుతుందని తేలింది, ఎందుకంటే ఆ వ్యాపారానికి కస్టమర్లు దేశదేశాల్లో ఉన్నారు. ఉద్యోగి మీద పెట్టే షరతు కన్నా అమ్మినవారి మీద పెట్టే షరతును చాలాచోట్ల కోర్టులు సులువుగా ఒప్పుకుంటాయి. ఎంత కాలం, ఎంత ప్రాంతం, సరిగ్గా ఏ పని అన్నది బిగించి రాయించుకోండి. ముఖ్యంగా వయసు ఇంకా ఉండి, వేరే ఏదైనా మొదలుపెట్టాలనుకునేవాళ్లు.

రెండు ఆఫర్లు ఎలా పోల్చాలి

పైన చెప్పిన వ్యాపారానికే రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. మొదటివారు 70 లక్షలంటారు. 35 ఇప్పుడు, 20 మూడేళ్ల వాయిదాల్లో, మిగతా 15 మాత్రం, అమ్మకాలు ఫలానా స్థాయి దాటితేనే. రెండోవారు 58 లక్షలే అంటారు, మొత్తం రిజిస్ట్రేషన్ రోజునే.

చూడగానే 12 లక్షల తేడా. కానీ వాయిదాల డబ్బుకు రిస్కు ఉంది. ఏడాదికి 15 శాతం లెక్కన ఈ రోజు విలువకు తెస్తే ఆ 20 లక్షలు సుమారు 15. షరతుతో వచ్చే 15 లక్షలకు సగం అవకాశం వేసుకుంటే ఏడున్నర. మొత్తం 58కి కొంచెం తక్కువే తేలుతుంది. మీరు వెళ్లిపోయాక అమ్మకాలు మీ చేతిలో ఉండవు, కొత్తవాళ్లు ధరలు మార్చినా సిబ్బందిని తీసేసినా ఆ షరతు తప్పుతుంది. సగం అవకాశం అన్నది కూడా నా మటుకు ఉదారమైన అంచనాయే.

మొదటి ఆఫర్ తీసుకోవాల్సి వస్తే ఏం చేయాలో లాయర్‌కు తెలుసు. వాయిదాలకు తాకట్టు, వ్యక్తిగత హామీ, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా వెంటనే కట్టాలన్న షరతు. అదనపు చెల్లింపును లాభానికి కాకుండా అమ్మకాలకు ముడిపెట్టడం, ఎందుకంటే లాభాన్ని ఖర్చులు రాసి తగ్గించొచ్చు. ప్రతి మూడు నెలలకూ లెక్కలు చూసే హక్కు. కొంత డబ్బును మూడో మనిషి దగ్గర ఎస్క్రోలో ఉంచాలంటే ఎప్పుడు, ఏ కారణంతో విడుదలవుతుందో తేదీతో రాయించుకోవడం.

ఎవరికి ఏది సరిపోతుంది

ఒక్కరే యజమాని, లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, బయటి మనిషికి అమ్ముతున్నారు: అకౌంటెంట్‌తో సర్దుబాటు లెక్క చేయించుకుని, ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల అభిప్రాయం తీసుకుంటే విలువ విషయంలో చాలు. మిగిలిన డబ్బు లాయర్‌కు పెట్టండి.

కొనేది మీ భాగస్వామో, బంధువో, ఏళ్లుగా పనిచేసిన ఉద్యోగో అయితే నేను మొదట చెప్పిన సలహా తిరగబడుతుంది. ఇక్కడ స్వతంత్ర వాల్యుయర్ మీద ఖర్చు పెట్టండి, వీలైతే ఇద్దరూ కలిసి ఎంచుకుని ఫీజు చెరిసగం కట్టండి. మార్కెట్‌లో బేరం జరగలేదు కాబట్టి ధర న్యాయమైనదని చెప్పేది ఆ రిపోర్టొక్కటే. పదేళ్ల తర్వాత "మమ్మల్ని మోసం చేశావు" అన్న మాట రాకుండా అదే కాపాడుతుంది. లాయర్లు మాత్రం ఇక్కడ కూడా వేర్వేరుగానే ఉండాలి.

కొనేవాళ్లు మీ పోటీదారులైతే లాయర్ ఇంకా ముందే కావాలి. కస్టమర్ల పేర్లు, కొనుగోలు ధరలు చూపించే ముందు గోప్యత ఒప్పందం, అందులో మీ సిబ్బందిని లాక్కోకూడదన్న మాట ఉండాలి. బేరం చెడితే ఆ సమాచారం వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది. పేర్ల బదులు నంబర్లతో జాబితా ఇచ్చి, అసలు పేర్లు చివరి వారంలో చెప్పడం మంచి పద్ధతి.

నష్టాల్లో ఉన్న వ్యాపారానికి పెద్ద రిపోర్టు వద్దు. యంత్రాలు, సరుకుకు ఎంతొస్తుందో ఒక అంచనా, అప్పులు ఎలా తీరతాయో లాయర్ సలహా, ఈ రెండూ చాలు.

లాయర్‌ను మొదటిసారి కలవడానికి వెళ్లేటప్పుడు మూడేళ్ల లెక్కలు, లీజు, అప్పు కాగితాలు, పెద్ద కస్టమర్లతో ఉన్న ఒప్పందాలు, ఉద్యోగుల జాబితా తీసుకెళ్లండి. ఇలాంటి అమ్మకాలు ఇటీవల ఎన్ని చేశారు, ముసాయిదా మీరే రాస్తారా జూనియర్ రాస్తారా, ఉద్దేశ లేఖలో మీరు ఏయే మాటలు ఒప్పుకోరు అని అడగండి. మూడో ప్రశ్నకు ఆయన తడుముకోకుండా ఇంకెవరితోనూ బేరం మాట్లాడకూడదన్న గడువు, వర్కింగ్ క్యాపిటల్ అంకె, చెల్లింపు విధానం అని మొదలుపెడితే ఆ లాయర్‌నే పెట్టుకోండి.